లండన్ నుంచి అన్నయ్య, 12న చెల్లి పెళ్లి: శంషాబాద్‌లో దిగేవాళ్లను ఆపాలా, వదలాలా?

గుణదల గోపి | 29 నవంబర్ 2021, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంచెం అర్జెంటు.

చెల్లి పెళ్లి డిసెంబర్ 12 రాత్రికి. 16 నుంచి ధనుర్మాసం, కాబట్టి ముహూర్తం జరపడానికి లేదు. పెద్దన్నయ్య లండన్‌లో ఉంటాడు. 4న బయల్దేరి 5 తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగేలా టికెట్ ఉంది, అక్కడి నుంచి కారులో బెజవాడ. ఇంతలో కరోనా కొత్త రకం, ఒమిక్రాన్ అన్నారు. 26న డబ్ల్యూహెచ్‌వో పేరు పెట్టింది, నిన్న మన కేంద్రం కొత్త నిబంధనలు ఇచ్చింది. డిసెంబర్ 1 నుంచి రిస్కు దేశాల వాళ్లు దిగగానే సొంత ఖర్చుతో పరీక్ష చేయించుకోవాలి, ఫలితం వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. నెగటివ్ వచ్చినా 7 రోజులు ఇంట్లో క్వారంటైన్, 8వ రోజు మళ్లీ పరీక్ష. యూరప్ మొత్తం ఆ లిస్టులో ఉంది, బ్రిటన్‌తో సహా.

5న దిగితే 8వ రోజు ఎప్పుడవుతుంది? 12నా, 13నా? లాజహోమంలో చెల్లి దోసిట్లో పేలాలు పోయాల్సింది వాడే. రెండు డోసులూ వేసుకున్నాడు. నెగటివ్ వచ్చిన మనిషిని మళ్లీ 7 రోజులు గదిలో పెట్టడంలో అర్థం ఉందా?

శంషాబాద్ షిఫ్ట్ | 29 నవంబర్, రాత్రి 10:15

నేను అక్కడే పనిచేస్తాను, ఏ విభాగమో అడగొద్దు. మీ అన్నయ్యకు చెప్పాల్సినవి: బయల్దేరే ముందు 72 గంటల లోపు చేయించిన ఆర్టీపీసీఆర్ రిపోర్టు, గత 14 రోజుల ప్రయాణ వివరాలు ఎయిర్ సువిధ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. దిగాక పరీక్ష రెండు రకాలు. త్వరగా తేలేదానికి వేలల్లో తీసుకుంటారు, మామూలుదానికి వందల్లో, కాకపోతే గంటల తరబడి కూర్చోవాలి. శాలువా, బిస్కెట్లు, ఫోన్ చార్జరు చేతిసంచిలో పెట్టుకోమనండి. చెకిన్ సామాన్లో పెట్టి ఇబ్బంది పడేవాళ్లను రోజూ చూస్తున్నాను.

8వ రోజు లెక్క మాత్రం నన్నడగొద్దు. కాగితంలో ‘8వ రోజు’ అనే ఉంది.

సీతమ్మధార తాతయ్య | 29 నవంబర్, రాత్రి 10:32

మైలకైతే పోయిన రోజు లెక్కలోకి వస్తుంది నాయనా. ఆ లెక్కన 5 నుంచి 11 వరకు ఏడు రోజులు, 12 ఉదయం పరీక్ష, సాయంత్రానికి ఫలితం, రాత్రికి పెళ్లి. కానీ ప్రభుత్వానికి ఈ లెక్కలు చెప్పే ధర్మసింధు గ్రంథం తెలియదు కదా.

బోడుప్పల్ బాస్ | 29 నవంబర్, రాత్రి 11:05

ఇవన్నీ ఎందుకు బ్రో, మొత్తం ఫ్లైట్లు ఆపేయాలి. మార్చి 2020లో ముందే ఆపుంటే ఇంత జరిగేదే కాదు. డబ్బున్నోళ్లు విమానంలో తెచ్చారు, పేదోళ్లు రోడ్ల మీద నడిచారు. రేషన్ కార్డోడు చేసిన తప్పేంటి, పాస్‌పోర్టోడు చేసిన పుణ్యమేంటి?

కాకినాడ డాక్టరమ్మ | 30 నవంబర్, ఉదయం 6:20

డ్యూటీకి వెళ్లే ముందు రాస్తున్నాను. గోపిగారూ, నెగటివ్ వచ్చాక కూడా ఎందుకు ఉంచుతారో చెప్తాను. వైరస్ ఒంట్లో చేరిన మర్నాడే స్వాబ్‌లో దొరకదు. రెండుమూడు రోజులైనా పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. మీ అన్నయ్య 72 గంటల ముందు పరీక్ష చేయించుకుని, ఆ సాయంత్రమే ఎవరితోనో కలిసి భోంచేసి, విమానంలో తొమ్మిది పది గంటలు పక్కవాడి దగ్గు వింటూ వచ్చాడనుకోండి. శంషాబాద్ పరీక్ష ఆ రెంటినీ పట్టలేకపోవచ్చు. 8వ రోజు పరీక్ష పెట్టింది అందుకే. రెంటిలో ఒకటే ఉంచమంటే నేను రెండోదే ఉంచుతాను.

జ్వరం చూసే తుపాకీ సంగతి సరేసరి. 2020 ఫిబ్రవరి, మార్చిలలో విమానాశ్రయాల్లో దాని మీదే ఆధారపడ్డారు. పారాసిటమాల్ మాత్ర వేసుకుంటే గడప దాటిపోయేది. అసలు లక్షణాల్లేనివాళ్లను అది ఎలా పడుతుంది?

బోడుప్పల్ వారికి ఒక మాట. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న తేలింది గుర్తుందా? అతను దుబాయ్ నుంచి వచ్చింది బెంగళూరుకు, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కు బస్సులో. శంషాబాద్ తలుపు మూసినా ఆ బస్సు ఆగేది కాదు.

బోడుప్పల్ బాస్ | 30 నవంబర్, ఉదయం 9:12

అందుకే అంటున్నా మేడం, శంషాబాద్ ఒక్కటే కాదు, దేశమంతా ఆపాలి. 26న ఏమన్నారు? డిసెంబర్ 15 నుంచి మామూలు అంతర్జాతీయ సర్వీసులు మొదలెడతామన్నారు. అదే రోజు ఒమిక్రాన్! టైమింగ్ చూడండి.

ఫ్రిస్కో ఫణి | 30 నవంబర్, ఉదయం 10:47

‘ఆపేయాలి’ అనడం సులువే అన్నా. ఆపితే ఎవరు ఆగుతారో నేను చూశాను.

ఏప్రిల్‌లో నాన్నకు కరోనా అని తెలిసి పరిగెత్తుకొచ్చాను. దక్కలేదు. పదకొండో రోజు అయ్యేలోపే అమెరికా మన దేశం మీద ఆంక్షలు పెట్టింది, మే 4 నుంచి అమలు. వాళ్ల పౌరులకూ గ్రీన్‌కార్డు వాళ్లకూ మినహాయింపు. నాది హెచ్1బి. మా బాబాయి కొడుక్కి గ్రీన్‌కార్డు. ఇద్దరం ఒకే ఇంట్లో పడుకున్నాం, ఒకే కంచం దగ్గర కూర్చున్నాం, ఒకే శవాన్ని మోశాం. వాడు విమానం ఎక్కాడు, నేను ఎక్కలేకపోయాను. వైరస్‌కు వీసా కేటగిరీలు తెలుస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

చివరికి మెక్సికో వెళ్లి అక్కడ 14 రోజులు గడిపి అమెరికాలో దిగాను. అంటే నేరుగా వస్తే ప్రమాదం, నాలుగు విమానాశ్రయాలు తిరిగొస్తే క్షేమం! ఆ ఆంక్ష ఎత్తేసింది ఈ నవంబర్ 8న. నిన్నటి నుంచి దక్షిణాఫ్రికా, బోట్స్వానా, జింబాబ్వే ఇంకా ఐదు దేశాల మీద మళ్లీ అదే నాటకం, అవే మినహాయింపులు.

మీ అన్నయ్యను రమ్మనండి గోపీ. గదిలో ఉన్నా సరే, ఇంట్లో ఉంటాడు.

సీతమ్మధార తాతయ్య | 30 నవంబర్, మధ్యాహ్నం 12:20

దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్‌ను కనిపెట్టారు, దాచకుండా లోకానికి చెప్పారు. రెండ్రోజుల్లో వాళ్ల విమానాలు బంద్. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా! ఇంకోసారి ఏ దేశమైనా ఇంత త్వరగా చెబుతుందా, మీరే ఆలోచించండి.

క్వారంటైన్ అనే మాటే 40 నుంచి పుట్టింది. వెనిస్ వాళ్లు ప్లేగు కాలంలో ఓడలను 40 రోజులు రేవు బయట నిలిపేవారు. అప్పుడూ సరుకున్న వర్తకుడే తిట్టుకునేవాడు. మనకేమో 1897లో బొంబాయి ప్లేగు భయంతో బ్రిటిష్ వాళ్లు చేసిన అంటువ్యాధుల చట్టం. 2020లో రాష్ట్రాలు దుమ్ము దులిపి తీసిందీ దాన్నే. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు దేశంలో మొదటి కేసు తేలింది మన హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన కుర్రాడికి. ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి పేరు అప్పట్లో రోజూ పేపర్లో ఉండేది. ఎవరికైనా గుర్తుందా?

జగిత్యాల జీవన్ | 30 నవంబర్, రాత్రి 8:55

మీరందరు పెండ్లి ముచ్చట, ప్లేగు ముచ్చట పెట్టిన్రు. మా దిక్కు ముచ్చట చెప్తా ఇనుండ్రి.

2020 మేల నేను కువైట్‌ల ఉన్న. పని బందయ్యి రెండు నెల్లు. వందే భారత్ అని ఇమానాలు నడిపిన్రు, మే 9న కువైట్ నుంచే హైదరాబాద్‌కు మొదటిది వచ్చింది. నాకు ఎన్కకు దొరికింది సీటు. టికెట్ పైసలు నావే. దిగినంక క్వారంటైన్ హోటల్ పైసలు గూడ నావేనట. జీతం లేక, అన్నం లేక ఇంటికొచ్చినోని దగ్గర హోటల్ కిరాయి ఏడికెళ్లి వస్తది? పక్కన అమెరికా నుంచి వచ్చినోళ్లు మంచి గది అడుగుతున్నరు, మేము అగ్వది ఏదున్నదని అడుగుతున్నం. ఆఖరికి మాసొంటోళ్లను సర్కారు జాగల పెట్టిన్రు. ఒక్క గదిల నలుగురం, ఒక్కటే బాత్రూం. గిదేం క్వారంటైన్ అని నవ్వుకున్నం.

నా తమ్ముడు సౌదీల చేస్తడు. సెలవు మీద వచ్చి ఇరుక్కున్నడు. ఇండియా నుంచి సీదా రానియ్యరు, వేరే దేశంల 14 దినాలు ఉండి పోవాలె. నేపాల్ పోదమని ఏజెంటుకు పైసలు కట్టిండు, ఏప్రిల్ ఆఖరుకు నేపాలోళ్లు గూడ బంద్ వెట్టిన్రు. పైసలు మాత్రం ఎన్కకు రాలే. ఇగ ఆడు ఏసుకున్నది కొవాగ్జిన్. మన హైదరాబాద్‌ల తయారైన సూది! ఈ నెల 3న డబ్ల్యూహెచ్‌వో ఒప్పుకునేదాక గల్ఫ్‌ల శాన దేశాలు దాన్ని లెక్కల్నే వెట్టలే. రేపటి నుంచి సౌదీ సీదా రానిస్తదట, 5 దినాలు క్వారంటైన్. ఇప్పుడు ఈ ఒమిక్రాన్. మా అమ్మ దినాం టీవీ ముంగట కూసుంటుంది, ఆ వార్త మల్ల మారుతదేమో అని.

ఫణి అన్నా, మెక్సికో పోవుటానికి పైసలుండె నీకు. మావోనికి నేపాల్ గూడ కాలే.

ఫ్రిస్కో ఫణి | 30 నవంబర్, రాత్రి 9:30

నిజమే జీవన్. ఒప్పుకుంటాను.

మెల్‌బోర్న్ మాధవి | 1 డిసెంబర్, ఉదయం 5:15

నాకు రెండు వైపులా మాట్లాడాలని ఉంది, తిట్టుకోకండి.

ఈ ఏడాది మేలో ఆస్ట్రేలియా ఏం చేసిందో గుర్తుందా? మన దేశంలో ఉన్న సొంత పౌరులే తిరిగొస్తే 5 ఏళ్ల దాకా జైలు, 66,600 డాలర్ల దాకా జరిమానా అంది. 3 నుంచి 15 దాకా నడిచింది ఆ ఆంక్ష. నేను అప్పుడు గుంటూరులో ఉన్నాను, మూడేళ్ల పాపతో. పౌరసత్వం తీసుకున్న రోజు చేతిలో పెట్టిన చిన్న మొక్క ఇక్కడ పెరట్లో పెరుగుతోంది, నేను అక్కడ నేరస్తురాలిని. ఆ పన్నెండు రోజులు నేను మర్చిపోను.

కానీ ఇంకో వైపూ చెప్పాలి. జూన్ దాకా ఈ దేశం మొత్తంలో కరోనా మరణాలు వెయ్యి దాటలేదు. మా గుంటూరు వీధిలో ఏప్రిల్, మే నెలల్లో ఏ ఇంటి నుంచి ఎవరు పోయారో లెక్కపెడితే నా చేతివేళ్లు చాలలేదు. తలుపు మూయడం పనిచేయలేదని నేనెలా అనగలను?

అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోనూలేను. 2020లో మా మెల్‌బోర్న్‌లోనే క్వారంటైన్ హోటళ్ల నుంచి బయటికి పాకి, నగరమంతా 112 రోజులు లాక్‌డౌన్‌లో కూర్చుంది. తలుపు మూసి, గొళ్లెం ఎవరి చేతికిచ్చామో చూసుకోకపోతే అంతే. కాపలా ఉన్నవాళ్లకు సరైన శిక్షణ లేదని తర్వాత విచారణలో తేలింది.

పైగా ఆస్ట్రేలియా ద్వీపం. బోడుప్పల్ వారూ, మనకు నేపాల్ సరిహద్దు ఉంది కదా, అక్కడ కంచె కూడా లేదు.

బోడుప్పల్ బాస్ | 1 డిసెంబర్, ఉదయం 10:02

సరే అక్కా. కానీ 15 నుంచి మామూలు సర్వీసులన్నది వాయిదా వేశారు చూశారా ఈరోజు. నేను చెప్పిందే జరిగింది.

శంషాబాద్ షిఫ్ట్ | 2 డిసెంబర్, రాత్రి 1:40

కొత్త నిబంధనల మొదటి రోజు గడిచింది. పరీక్ష కుర్చీల్లో పిల్లలు నిద్రపోతున్నారు. 5 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్ష లేదు, తల్లిదండ్రులకు ఉంది, కాబట్టి వాళ్లూ ఆగాల్సిందే. ఒక పెద్దావిడ న్యూజెర్సీ నుంచి వస్తూ యూరప్‌లో విమానం మారిందట. ‘మా దేశం లిస్టులో లేదు కదా నాయనా’ అంటుంది. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక ‘కానీ’ ఉంటుంది. అరిచేవాళ్లు మా మీదే అరుస్తారు. నిబంధన రాసినవాళ్లు మాతోపాటు నైట్ షిఫ్టు చేయరు కదా.

లిస్టులో లేని దేశాల నుంచి వచ్చేవాళ్లలో నూటికి ఇద్దరికే పరీక్ష. మిగతావాళ్లు సామాన్లు తీసుకుని వెళ్లిపోతున్నారు. ఇది మాత్రం గుర్తుంచుకోండి.

కాకినాడ డాక్టరమ్మ | 2 డిసెంబర్, సాయంత్రం 6:50

వార్త చూశారా? కర్ణాటకలో ఇద్దరికి ఒమిక్రాన్, దేశంలో ఇవే మొదటివి. ఒకరు విదేశీయుడు, ఒమిక్రాన్ అని తేలేలోపే దుబాయ్ వెళ్లిపోయాడు. రెండోవారు డాక్టర్. ఎక్కడికీ ప్రయాణం చేయలేదు.

మళ్లీ చదవండి: ప్రయాణం చేయలేదు. అంటే మనం లిస్టు రాసుకుంటున్నప్పటికే లోపలికి వచ్చేసింది.

బోడుప్పల్ బాస్ | 2 డిసెంబర్, రాత్రి 7:15

అయితే ఈ పరీక్షలు ఎందుకు మరి? తీసేయండి.

కాకినాడ డాక్టరమ్మ | 2 డిసెంబర్, రాత్రి 10:58

మొన్న మొత్తం ఆపేయమన్నారు, ఈరోజు మొత్తం తీసేయమంటున్నారు. మధ్యలో ఏదీ లేదా?

నాకు కావలసింది వారం, పది రోజులు. అంతే. విమానాశ్రయంలో దొరికిన నమూనాలు హైదరాబాద్‌లోని సీసీఎంబీ ల్యాబ్ లాంటి చోట్లకు వెళ్తాయి, జన్యుక్రమం తేలడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మా ఆస్పత్రిలో ఆక్సిజన్ లైన్లు సరిచూసుకోవాలి, రెండో డోసు వేసుకోనివాళ్ల ఇళ్లకు ఏఎన్ఎం నర్సులను పంపాలి. మేలో ఆక్సిజన్ ట్యాంకరు కోసం రాత్రంతా రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. విమానాశ్రయం జబ్బును ఆపుతుందని నేను నమ్మను. కొంచెం ఆలస్యం చేస్తే చాలు, ఆ ఆలస్యం నాకు పడకలు.

2020 మార్చిలో మా వైపు విదేశాల నుంచి వచ్చినవాళ్లను ఇల్లిల్లూ తిరిగి పట్టింది వాలంటీర్లు, ఆశాలు. కానీ చెడ్డదీ చూశాను. ఇంటి గోడకు నోటీసు అంటించారు, కొన్ని రాష్ట్రాల్లో చేతి మీద సిరా ముద్రలు కొట్టారు. ఆ నోటీసు చూసి పాలవాడు రావడం మానేశాడు. క్వారంటైన్ అనేది వెలివేయడంలా మారితే జనం దాక్కుంటారు. దాక్కున్నవాణ్ణి ఏ స్కానరూ పట్టదు.

కోనసీమ కొబ్బరాకు | 3 డిసెంబర్, ఉదయం 8:30

డాక్టరమ్మగారూ దణ్ణం. మా బావ మస్కట్ నుంచి వచ్చినప్పుడు ఊళ్లో మా ఇంటి చుట్టూ బ్లీచింగ్ చల్లారు, మా గేదెకు కూడా మాస్కు కట్టమన్నారండి ఒకాయన. నవ్వుతున్నారు గానీ నిజమండి బాబూ.

నిర్వాహకుడు | 3 డిసెంబర్, ఉదయం 11:00

నిన్న రాత్రి ఒక సభ్యుడు ఆఫ్రికా వాళ్లను ఉద్దేశించి రాసిన మూడు వ్యాఖ్యలు తొలగించాను. నిబంధనల మీద ఎంతైనా పోట్లాడుకోండి, మనుషుల రంగు మీద కాదు. ఇంకోసారి రాస్తే ఖాతా ఉండదు.

గుణదల గోపి | 5 డిసెంబర్, మధ్యాహ్నం 2:10

అన్నయ్య దిగాడు. డబ్బులు ఎక్కువ పెట్టి త్వరగా వచ్చే పరీక్షే చేయించుకున్నాడు. నెగటివ్. శాలువా చేతిసంచిలోనే పెట్టుకున్నాడు, శంషాబాద్ షిఫ్ట్ గారికి థాంక్స్. ఇప్పుడు మేడమీద గదిలో ఉన్నాడు. అమ్మ మెట్ల మీద కంచం పెట్టి దిగుతుంది, ఆ తర్వాతే వాడు తలుపు తీస్తాడు. ‘లండన్ నుంచి వచ్చి నా ఇంట్లో నేనే పేయింగ్ గెస్టునయ్యాను’ అంటున్నాడు.

8వ రోజు సంగతి మా వార్డు ఏఎన్ఎంను అడిగాను. దిగిన రోజు లెక్కలోకి రాదంది. 13న పరీక్ష. తాతయ్యగారూ, మైల లెక్క చెల్లలేదు.

సీతమ్మధార తాతయ్య | 5 డిసెంబర్, మధ్యాహ్నం 3:00

పేలాలు నువ్వు పోయవచ్చు నాయనా. అన్నో తమ్ముడో, తోడబుట్టినవాడైతే చాలు. పురోహితుణ్ణి అడుగు, ఆయనా ఇదే అంటాడు.

బోడుప్పల్ బాస్ | 5 డిసెంబర్, సాయంత్రం 4:22

ఎవరు చూస్తారు బ్రో, మాస్కు పెట్టుకుని ఓ గంట కిందికి దిగమనండి. రెండు సార్లు నెగటివ్ కదా.

జగిత్యాల జీవన్ | 5 డిసెంబర్, సాయంత్రం 5:05

ఫ్లైట్లన్ని బంద్ వెట్టాలె అన్నది నువ్వేనా భయ్?

సీతమ్మధార తాతయ్య | 12 డిసెంబర్, సాయంత్రం 5:40

గోపి ఇంట పెళ్లి సమయానికి మా వైపు వార్త. ఆంధ్రలో మొదటి ఒమిక్రాన్ తేలింది. ఐర్లాండ్ నుంచి ముంబైలో దిగి, అక్కడి పరీక్షలో నెగటివ్ వచ్చి, నవంబర్ 27న విశాఖ చేరిన మనిషి. విజయనగరంలో మళ్లీ చేస్తే పాజిటివ్. లక్షణాలేమీ లేవట. డాక్టరమ్మా, నీ రెండో పరీక్ష గెలిచింది.

కాకినాడ డాక్టరమ్మ | 12 డిసెంబర్, రాత్రి 11:15

గెలవడం ఏముంది మాస్టారూ. ఒకరు దొరికారు. దొరకనివాళ్లెందరో.

గుణదల గోపి | 14 డిసెంబర్, రాత్రి 9:00

పెళ్లి బాగా జరిగింది. మండపం మా ఇంటి పక్క ఖాళీ స్థలంలోనే వేశాం, మేడమీద కిటికీలోంచి కనిపించేలా పందిరి ఒక వైపు ఎత్తించాం. డెకరేషన్ కుర్రాడు గొణిగాడు గానీ చేశాడు. లాజహోమం వేళ పేలాలు నేనే పోశాను. మూడో దోసిలి పోసేటప్పుడు చెల్లి తల ఎత్తి కిటికీ వైపు చూసింది. వాడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు, ముఖం కనిపించలేదు.

మా పెదనాన్న మాత్రం ‘మూడొందల మంది మాస్కుల్లేకుండా కింద తింటుంటే, రెండు పరీక్షలు చేయించుకున్నవాడు పైనా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఉంటే ఇక్కడ ఎవరైనా రాయండి.

నిన్న స్వాబ్ ఇచ్చాడు, ఈరోజు నెగటివ్. కిందికి దిగి నేరుగా వంటింట్లోకి వెళ్లి మిగిలిన కజ్జికాయలు తిన్నాడు.

శంషాబాద్ షిఫ్ట్ | 15 డిసెంబర్, సాయంత్రం 7:30

హైదరాబాద్ టోలిచౌకి వార్త చూసే ఉంటారు. తెలంగాణలో మొదటి ఒమిక్రాన్ కేసులు. కెన్యా నుంచి ఒకరు, సోమాలియా నుంచి ఒకరు. రెండూ రిస్కు లిస్టులో లేని దేశాలు. నూటికి ఇద్దరి పరీక్షలో తగిలారు. స్వాబ్ ఇచ్చి, మామూలుగానే ఊళ్లోకి వెళ్లిపోయారు, నిబంధన అదే. వాళ్ల తప్పేమీ లేదు.

బ్రిటన్ నుంచి వచ్చినవాడు కిటికీలోంచి చెల్లి పెళ్లి చూశాడు. లిస్టులో లేని దేశం నుంచి వచ్చిన వంద మందిలో తొంభై ఎనిమిది మంది నా ముందు నుంచే క్యాబ్ ఎక్కారు.

బోడుప్పల్ బాస్ | 15 డిసెంబర్, రాత్రి 8:10

అయితే లిస్టు పెంచాలా, తీసేయాలా? ఈసారి నిజంగానే అడుగుతున్నా.

మెల్‌బోర్న్ మాధవి | 16 డిసెంబర్, ఉదయం 5:40

దేశాల లిస్టు తీసేసి, దిగినవాళ్లందరికీ చౌకగా పరీక్ష, ఇంట్లో వేరే గది లేనివాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో గది. గోపిగారి ఇంట్లో మేడ ఉంది కాబట్టి సరిపోయింది. జీవన్ వాళ్ల తమ్ముడు వస్తే ఒకే గది ఇంట్లో హోం క్వారంటైన్ అంటే అమ్మతోపాటే క్వారంటైన్.

జగిత్యాల జీవన్ | 16 డిసెంబర్, ఉదయం 9:25

మాది రెండు గదులక్కా 🙂 కానీ మాట కరెక్టే. తమ్మునికి టికెట్ దొరికింది, 20 తారీఖు. ఆడ 5 దినాల క్వారంటైన్ పైసలు కంపెనీ పెడ్తదా, జీతంల కోస్తదా ఇంక చెప్తలేరు.

గుణదల గోపి | 16 డిసెంబర్, ఉదయం 10:15

అన్నయ్య తిరుగు ప్రయాణం 26న. ఇప్పుడు బ్రిటన్ వాళ్లు బయల్దేరే ముందు ఒక పరీక్ష, దిగాక రెండో రోజు లోపు ఇంకో పరీక్ష, ఫలితం వచ్చేదాకా ఇంట్లోనే అంటున్నారు. దిగిన రోజును అక్కడ సున్నా అని లెక్కపెడతారట. ఈసారి ముందే అడిగి రాసుకున్నాం.